బీరువా తాళం తియ్యి, అమ్మలూ

మొన్న ఆదివారం ఫోనులో నీ గొంతు విన్నాక నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. డీఎస్సీలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ నాయనమ్మ వీధంతా లడ్డూలు పంచి ఎన్నాళ్లో కాలేదు. నువ్వేమో అప్పుడే "తాతయ్యా, మూడో తరగతి పిల్లలు ఒక్క వాక్యం కూడబలుక్కుని చదవలేకపోతున్నారు, నాకు ఏడుపొస్తోంది" అన్నావు. బళ్లో కథల పుస్తకాలు ఉన్నాయా అని అడిగాను. "ఉన్నాయి, బీరువాలో. సిలబస్ అయ్యాక ఇద్దామని. ముందు చదవడం రావాలి కదా" అన్నావు.

ఆ చివరి మాట దగ్గర నేను ఆగిపోయాను. నీ వయసులో నేనూ అచ్చం అదే అన్నాను. ఫోనులో చెబితే "సరే తాతయ్యా" అని పెట్టేస్తావు, అందుకే కాగితం మీద పెడుతున్నాను. తీరిక దొరికినప్పుడు రెండోసారి కూడా చదువుకో.

హితవు చెప్పేవాడు ముందు తన లెక్క అప్పజెప్పాలి. నా తప్పుతోనే మొదలుపెడతాను.

1987లో కేంద్ర ప్రభుత్వం ఆపరేషన్ బ్లాక్ బోర్డ్ అనే పథకం తెచ్చింది. ఒక్క గది, ఒక్క పంతులుతో నెట్టుకొస్తున్న బళ్లకి రెండో గది, రెండో పంతులు, కాస్త బోధనా సామగ్రి ఇవ్వాలని దాని ఉద్దేశం. ఆ రోజుల్లో మా బడికీ ఒక ఇనప్పెట్టె వచ్చింది. గ్లోబు, పటాలు, ఆటవస్తువులు, వాటి అడుగున కథల పుస్తకాలు. నేను స్టాకు రిజిస్టరులో ఎర్ర సిరాతో గీతలు కొట్టి, ఒక్కో పుస్తకం పేరూ వెలా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. పెట్టెకి తాళం వేశాను. నాలుగో తరగతి కుర్రాడొకడు కిటికీ ఊచలు పట్టుకుని, "మాస్టారూ, ఆ ఏనుగు బొమ్మ పుస్తకం ఓసారి చూసిచ్చేస్తానండీ" అన్నాడు. "చింపుతావురా. ముందు వాచకం చదవడం నేర్చుకో" అన్నాను. పుస్తకం పోతే నా జీతంలోంచి కోస్తారన్న భయం నాది. వాడు మళ్లీ అడగలేదు. పిల్లలు రెండోసారి అడగరమ్మా, అదే వాళ్లతో వచ్చే చిక్కు.

ఐదేళ్ల తర్వాత బదిలీ అయింది. ఛార్జి అప్పగించేరోజు పెట్టె తెరిచాం. రిజిస్టరులో పుస్తకాలన్నీ ఉన్నాయి, ఒక్కటి కూడా తగ్గలేదు. పెట్టె అడుగు తుప్పుపట్టి చిల్లిపడింది, ఆ దారిన చెదలు ఎక్కాయి. ఏనుగు పుస్తకానికి అట్టముక్క మిగిలింది. కొత్తగా వచ్చిన మాస్టారు మట్టి దులుపుతూ "వీటిని ఎవరైనా చదివారాండీ?" అన్నాడు. "చెదలు చదివాయండీ" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ సంవత్సరమే గిజుభాయి బధేకా 'పగటికల' నా చేతికి వచ్చింది. వకీలు పని వదిలి, గుజరాతులోని భావనగర్‌లో పసిపిల్లలకి బడి నడిపిన మనిషి ఆయన. ఆ పుస్తకంలో లక్ష్మీరామ్ అనే మాస్టారు నాలుగో తరగతిని తీసుకుంటాడు. మొదటి రోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టాలని చూసి నవ్వులపాలవుతాడు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు. నిన్న అల్లరి చేసిన నోళ్లే ఇవాళ తెరుచుకుని వింటాయి. తర్వాత ఆయన చేసిన పని విన్నావా? పాఠ్యపుస్తకాలకని పిల్లలు తెచ్చే డబ్బుతో కథల పుస్తకాలు కొని తరగతిలోనే గ్రంథాలయం పెట్టాలంటాడు. తల్లిదండ్రులు గొణిగారు, తోటి పంతుళ్లు వెక్కిరించారు. తొంభై ఏళ్లు దాటిన పుస్తకమది. ఆ గొణుగుడు మాత్రం నీ స్టాఫ్ రూములో ఇవాళ్టికీ తాజాగానే వినపడుతుంది, చూసుకో.

అంతదూరం పోవడం ఎందుకు? చదువంటే పడని ముగ్గురు రాజకుమారులకి విష్ణుశర్మ ఆరు నెలల్లో చదువు అబ్బించాడని పంచతంత్రం మొదట్లోనే ఉంది కదా. ఈనాటి మాటల్లో చెప్పాలంటే అది రెమెడియల్ క్లాసు. ఆ క్లాసులో ఆయన వాడిన టీఎల్ఎం, అంటే బోధనా సామగ్రి, అంతా కథలే.

ఇక నీ మాట దగ్గరికి వస్తాను. ముందు చదవడం రావాలి, తర్వాతే కథల పుస్తకాలు అంటున్నావు. ఈత వచ్చాకే చెరువులోకి దింపుతానన్నట్టుంది ఇది. తెలుగు చదవడంలో ఉన్న కష్టం నీకు తెలుసు. అచ్చులు, హల్లులు వచ్చినంత మాత్రాన పని అయిపోదు. గుణింతాలు, వత్తులు దాటుకుని రావాలి. 'చెట్టు మీద పిట్ట కూర్చుంది' అన్న చిన్న వాక్యంలోనే నాలుగు మాటల్లో మూడింటికి వత్తులున్నాయి. మూడో తరగతి పిల్ల ఒక్కో అక్షరం దగ్గరా ఆగి, వత్తు కిందికి కళ్లు దించి, కూడబలుక్కుని 'కూర్చుంది' దగ్గరికి వచ్చేసరికి మొదటి మాట ఏమిటో మరిచిపోతుంది. అక్షరం గుర్తుపట్టడానికే బుర్రంతా ఖర్చయితే అర్థానికి మిగిలేదేముంది? అక్షరం ఆలోచించకుండా పలికేంత అలవాటు కావాలంటే, తేలికైన వాక్యాలు, ఇష్టమైన వాక్యాలు కొల్లలుగా కళ్ల ముందు నుంచి పోవాలి.

వాచకం ఒక్కటే ఆ పని చెయ్యలేదు. ఒక్కో పాఠం వారం పది రోజులు నడుస్తుంది. నాలుగో రోజుకల్లా పిల్లవాడు పుస్తకం తలకిందులుగా పట్టుకుని కూడా అప్పజెప్పేస్తాడు. మనం చదువుతున్నాడనుకుని మురిసిపోతాం. కొత్త కథల పుస్తకం చేతికిచ్చి చూడు, ఎవరికి చదవడం వచ్చో ఎవరికి కంఠతా వచ్చో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. ఏడాదికి ఒక్క వాచకం చదివిన పిల్లకీ, దాంతోపాటు నలభై సన్నటి బొమ్మల పుస్తకాలు తిరగేసిన పిల్లకీ తేడా ఏ పరీక్షా పెట్టకుండానే నీకు కనపడుతుంది.

ఎలా మొదలుపెట్టాలి అంటావేమో. ఏడు చేపల కథతో మొదలుపెట్టు. మీ నాయనమ్మ నీకు అన్నం ముద్దలు పెడుతూ చెప్పిన కథే. ఎండని చేప గడ్డిమోపు మీద చెబుతుంది, గడ్డిమోపు ఆవు మీద, ఆవు పాలేరు మీద, పాలేరు అవ్వ మీద, అవ్వ ఏడ్చే పిల్లాడి మీద, పిల్లాడు చీమ మీద. చీమ మాత్రం ఎవరి మీదా నెట్టదు, తన పుట్టలో వేలుపెడితే ఊరుకోనంటుంది. ఈ కథ కట్టినవాళ్లకి ట్రైనింగు సర్టిఫికెట్టు లేదు. అయినా చిన్నపిల్లలకి చదువు చెప్పే ఉపాయమంతా అందులో పెట్టారు. ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ఒక్క మాట మారుతుంది.

మొదటి రోజు పుస్తకం పట్టుకోకుండా నోటితో చెప్పు. రెండో రోజు ఒక వరస పిల్లలు అడగాలి, ఇంకో వరస జవాబు చెప్పాలి. మూడో రోజు చేప, మోపు, ఆవు, పాలేరు, అవ్వ, పిల్లాడు, చీమ అని చీటీల మీద రాసి కలిపేసి, వరసలో పేర్పించు. నాలుగో రోజు బోర్డు మీద కథలోని ప్రశ్నలు రాయి. తర్వాత రాబోయే మాట ఏదో వాళ్లకి ముందే తెలుసు కాబట్టి కళ్లు ధైర్యంగా అక్షరం మీద వాలతాయి. 'మోపు' అన్న మాట విడిగా ఇస్తే నీళ్లు నమిలే పిల్ల, కథలో వచ్చేసరికి టక్కున చదివేస్తుంది. చెవికి తెలిసిన మాటని కన్ను త్వరగా పట్టుకుంటుంది. నేను ముప్ఫై ఏళ్లలో నేర్చుకున్న బోధనాశాస్త్రం ఈ ఒక్క వాక్యమే.

ఐదో రోజు వాళ్లనే కథ కట్టమను. ఒకసారి మా రెండో తరగతి పిల్లలకి 'అన్నం ఎందుకు ఉడకలేదు?' అని అందించాను. కట్టెలు తడిశాయన్నారు. ఎందుకు తడిశాయి? వంటపాక కప్పు కారింది. ఎందుకు కారింది? పెంకు విరిగింది. ఎందుకు విరిగింది? అప్పటిదాకా మాట్లాడని ఓ పిల్ల లేచి, "చింతకాయలు కొట్టబోయి నాలుగో తరగతోళ్లు రాయి విసిరారండీ" అంది. మూడు నెలలుగా తేలని కేసు అలా తేలింది. ఆ కథని చార్టు మీద రాసి గోడకి కట్టాం. ఆ ఏడాది మా బళ్లో అందరికంటే ఎక్కువమంది చదివిన పాఠం అదే. నాలుగో తరగతివాళ్లు కూడా వచ్చి, తమ సంగతి ఏం రాశారోనని కూడబలుక్కుని మరీ చదువుకుపోయారు.

ఇప్పుడు నా రెండో తప్పు. పెట్టె తాళం తీశాక చేసిన తప్పు ఇది. కథ చెప్పడం, అవగానే "ఇందులో నీతి ఏమిటి?" అని అడగడం. కోతి, మొసలి కథ చెప్పాను. "మిత్రద్రోహం చేయరాదు" అని తరగతంతా ఒక్క గొంతుతో అరిచింది. వెనక బెంచీలో ఓ పిల్ల మాత్రం, "మరి మొసలి ఇంటికెళ్లి పెళ్లానికేం చెప్పిందండీ?" అంది. "అది పాఠంలో లేదు, కూర్చో" అన్నాను. ఆ రోజు కథ విన్నది ఆ పిల్ల ఒక్కతే అని నాకు చాలా ఏళ్లకి గానీ తట్టలేదు. గుండెకాయ తెమ్మంది పెళ్లాం, ప్రాణమిచ్చేంత స్నేహం చేసింది కోతి. రెండింటికీ చెడి ఒట్టి చేతులతో ఇల్లు చేరిన మొసలి గురించి ఎనిమిదేళ్ల పిల్ల దిగులుపడుతోంది. దానికంటే పెద్ద నీతి నేనేం చెప్పగలను?

అందుకని, నీతి పిండకు తల్లీ. కథ అయ్యాక కాసేపు ఊరుకో. ఎవరో ఒకరు నోరు విప్పుతారు. అది విను. జపాను బడి గురించిన 'రైలుబడి' చదివావు కదా. బళ్లో చేరడానికి వచ్చిన చిన్నారి తొత్తోచాన్ చెప్పే కబుర్లని ప్రధానోపాధ్యాయుడు కొబయాషి ఏకబిగిన నాలుగు గంటలు విన్నాడు. మనకంత తీరిక లేదు, నిజమే. నాలుగు నిమిషాలన్నా విందాం. ప్రశ్నోత్తరాలు, ఖాళీలు పూరించడం, జతపరచడం వాచకంతోనే చాలు. కథల పుస్తకం వెనక కూడా పరీక్ష పొంచి ఉందని తెలిస్తే పిల్లలు దాన్నీ వాచకంలాగే చూస్తారు.

భాష సంగతి ఒకటి చెప్పాలి. చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక' అచ్చువేశాడు. ఆ మిత్రలాభం, మిత్రభేదం కథలు పాఠాలై తరాలవాళ్లు వల్లెవేశారు. అందమైన గద్యమే, కాదనను. అయితే పిల్లవాడు కథలోకి పోవాలంటే ముందు భాష అనే గోడ ఎక్కాలి. 1947 జూలైలో 'చందమామ' మొదలైంది. 1952 నుంచి కొడవటిగంటి కుటుంబరావుగారు దాని బాధ్యత చూశారు. రాజులూ రాక్షసులే అయినా మాటలు మాత్రం ఇంట్లో మాట్లాడుకునే శుభ్రమైన తెలుగు. వాచకం చూస్తే పారిపోయే పిల్లలు దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' ధారావాహిక కోసం నెలంతా కాచుకున్నారు. మా తరంలో సగంమందికి చదవడం నేర్పిన పంతులు ఆ పత్రికే. అది ఏ సిలబస్‌లోనూ లేదని గుర్తుపెట్టుకో.

పుస్తకాలు ఎంచేటప్పుడు పిల్లల నాలిక మీద ఆడే భాష చూడు. పేజీకి ఒకటి రెండు వాక్యాలు, పెద్ద అక్షరాలు, కథ చెప్పే బొమ్మ ఉంటే ఒకటి, రెండు తరగతులకి చాలు. ఇంకోటి కూడా చూడు. నీ క్లాసులో ఎవరెవరున్నారో వాళ్లు కథల్లోనూ ఉన్నారా? అన్నిట్లోనూ రాజుగారి కొడుకే గెలిచి, అమ్మాయి మేడ మీద కూర్చుని ఎదురుచూస్తుంటే నీ వెనక బెంచీ పిల్లకి ఆ కథలో చోటెక్కడ? తండాలో లంబాడీ మాట్లాడే పిల్ల, కోయగూడెం నుంచి వచ్చే పిల్లవాడు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు ఉంటే వాళ్ల ఇంటి కథ ముందు వాళ్ల మాటల్లోనే చెప్పనియ్యి. తర్వాత అందరూ కలిసి తెలుగులో రాసుకోవచ్చు. మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే ఆమె శనివారం శనివారం పేదరాశి పెద్దమ్మ కథ చెప్పేది. సంతకం చెయ్యడం రాని మనిషి. ఆమె చెబుతుంటే ఐదో తరగతి పిల్లలు రాసుకునేవారు. అలా కుట్టుకున్న పుస్తకాన్ని ఆమె చేతికిచ్చిన రోజు, తలకిందులుగా పట్టుకుని బొమ్మలన్నీ చూసుకుంది.

పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయంటే, ముందు నీ బీరువాలోనే వెతుకు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ప్రతి బడికీ గ్రంథాలయం ఉండాలనీ, అందులో కథల పుస్తకాలు ఉండాలనీ స్పష్టంగా రాశారు. అవి అలంకారానికి ఇచ్చినవి కావు, పిల్లల హక్కు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం వాళ్లు చవక ధరకి బొమ్మల పుస్తకాలు వేస్తున్నారు. మా రోజుల్లో విశాలాంధ్రలో కొనుక్కున్న సోవియట్ పిల్లల పుస్తకాలు కొన్ని వాళ్ల దగ్గర మళ్లీ అచ్చయ్యాయి. ప్రథమ్ బుక్స్ స్టోరీవీవర్లో తెలుగు కథలు స్థాయిలవారీగా ఉచితంగా ఉన్నాయి, కావాలంటే ప్రింటు తీసుకోవచ్చు. రాయలసీమలో పుట్టిన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలు రాసిన కథలుంటాయి. వాటిని చూపిస్తే "మేమూ రాస్తామండీ" అంటారు.

ఇక రోజువారీ పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక పావుగంట నువ్వు పైకి చదివి వినిపించు. బొమ్మ పిల్లలవైపు తిప్పి పట్టుకో. పాత్రకో గొంతు పెట్టు, సిగ్గుపడకు. గోడకి రెండు మేకులు కొట్టి పురికొస కట్టి, బట్టల క్లిప్పులతో పుస్తకాలు వేలాడదియ్యి. అట్ట కనపడితేనే చెయ్యి వెళుతుంది. ఎవరు తీసుకున్నారో రాసే నోటుబుక్కు పిల్లలకే అప్పజెప్పు. ఇంటికి కూడా ఇవ్వు. అక్క చదువుతుంటే తమ్ముడు వింటాడు, పొయ్యి దగ్గర అమ్మ వింటుంది. చిరిగితే మైదా ఉడికించి జిగురు చెయ్యి, శుక్రవారం చివరి పీరియడ్‌లో అందరూ కూర్చుని అతికించండి. తాము అతికించిన పుస్తకాన్ని పిల్లలు మళ్లీ చింపరు. వాళ్లు చదువుకునే వేళ నువ్వు కూడా ఏదో ఒక పుస్తకం పట్టుకుని కూర్చో. నెల జీతాల బిల్లు కాదు, పుస్తకం. పంతులమ్మ చదువుతూ నవ్వడం చూడని పిల్లలకి చదువులో నవ్వు ఉంటుందని ఎలా తెలుస్తుంది?

ఒక్క హెచ్చరిక. కథలు చెబితే అక్షరాలు వాటంతటవే వచ్చేస్తాయని నేను అనడం లేదు. గుణింతాలూ వత్తులూ వరసగా, ఓపికగా నేర్పాల్సిందే, అందులో వెనకబడిన పిల్లని పక్కన కూర్చోబెట్టుకోవాల్సిందే. నేర్చిన అక్షరంతో ఏం చేసుకోవాలో చెప్పేది కథ. అక్షరం లేని కథ చెవి దగ్గర ఆగిపోతుంది, కథ లేని అక్షరం పలక మీద ఆగిపోతుంది. రెండూ కావాలి, రెండూ మొదటి రోజు నుంచే కావాలి.

ఎవరో తనిఖీకి వస్తారు, యాప్‌లో ఫోటో అడుగుతారు. ఫోటో పెట్టు, గొడవ లేదు. ఫోటో కోసం మాత్రం పుస్తకాలు బయటికి తీసి, సాయంత్రానికి మళ్లీ లోపల పెట్టకు. "చిరిగిన పుస్తకాలు ఇన్నెందుకున్నాయి?" అని ఎవరైనా అడిగితే, "చదివారండీ" అని ఒక్క మాట చెప్పు. అంతకీ కోత పడితే ఆ డబ్బు నా పెన్షనులోంచి పంపిస్తాను. ఉత్తమాట అనుకోకు, ఆ పద్దు కింద నాకు పాత బాకీ ఉంది.

ఆ ఏనుగు బొమ్మ పుస్తకం అడిగిన కుర్రాడు ఇప్పుడెక్కడున్నాడో నాకు తెలియదు. వాడికివ్వాల్సిన పుస్తకం నేనివ్వలేదన్నది మాత్రం తెలుసు. రేపు సోమవారం. ప్రార్థన అయ్యాక, హాజరు వెయ్యకముందే, బీరువా తాళం తియ్యి, అమ్మలూ.